పద్నాలుగో వారం మొహం

పాలకాయతిప్ప,
20 జనవరి 2002.

అబ్బాయ్ ప్రసాదూ,

క్షేమ సమాచారాలు ఆఖర్న రాస్తాను. ముందు ఎనిమిదేళ్ళ నుంచి నా లోపల ముల్లులా గుచ్చుకుంటున్న మాట తేలాలి. పద్నాలుగో వారం ఏదిరా?

మీ అమ్మ గిలకలదిండి నుంచి కబురంపింది. మీ 'అలల ఇల్లు' సీరియల్ మళ్ళీ వస్తుందంట. ఈసారి కేబుల్లో అంట, రోజూ అంట, రెండో భాగం కూడా తీస్తున్నారంట, దానికి నువ్వే డైరెక్టరువంట. ఇన్ని అంటలు నా చెల్లెలు చెప్తే తెలియాలా నాకు? నీ సొంత మేనమామని నేను. నీకు ఈత నేర్పినవాణ్ణి.

నువ్వు మర్చిపోయి ఉంటావు, నేను మర్చిపోలేదు. తొంభైనాలుగులో మీ సీరియల్ వాళ్ళు షూటింగుకి మన ఊరొచ్చారు. నువ్వప్పుడు ఎవరికో గొడుగు పట్టే ఉద్యోగంలో ఉన్నావు. మీ హీరో అల చూసి ఇసుకలో కూలబడ్డాడు. అతని చొక్కా విప్పి నాకు తొడిగారు. నా పడవలో నన్నే అలల మీదకి పంపారు. వీపు మాత్రం తీస్తామన్నారు. ఎందుకు ఒప్పుకున్నాను? నువ్వు మధ్యలో దూరి, "మావయ్యా, వెళ్ళేటప్పుడు వీపు, వచ్చేటప్పుడు మొహం. కథలో హీరో పదిహేనేళ్ళకి ముసలాడై తిరిగొస్తాడు, ఆ ముసలాడివి నువ్వే" అన్నావు. నా యాభై అయిదేళ్ళకి ముసలాడన్నా ఊరుకున్నాను. నీ మొహం చూసి ఊరుకున్నాను. వెళ్ళడం తీశారు, సాయంత్రం రావడం కూడా తీశారు. నేను చూడలేదా కెమెరా?

పదమూడో వారం నా వీపు వచ్చింది. ఏడుకొండలు టీకొట్టు దగ్గర ఊరంతా చూశారు. వచ్చే వారం మొహం వస్తుంది, అప్పుడు మాట్లాడండి అన్నాను. అవనిగడ్డ నుంచి పెద్ద టీవీ అద్దెకి తెచ్చాను. బస్సు పైన కట్టి తెచ్చాను, దానితో పాటు నేనూ పైనే కూర్చున్నాను. మీ అత్త జంతికలు చేసింది. హంసలదీవి నుంచి కూడా మనుషులొచ్చారు. టీవీ పెట్టాం. ఒకాయన వచ్చి వరికి పట్టే పురుగు గురించి చెప్పాడు. మేం చేపలు పట్టుకునేవాళ్ళం. అయినా ఆఖరి దాకా చూశాం, పురుగు అయిపోయాక అయినా నేనొస్తానేమోనని. రాలేదు. ఆ తర్వాత వారం కూడా రాలేదు.

అప్పట్నించి నేను వీపు నాంచారయ్యని. నాగాయలంకలో చేపల వేలంపాటకెళ్తే, "ఎవరు, వీపుగారేనా" అంటున్నారు. పెద్దోడి పెళ్ళిలో మా వియ్యంకుడు పదిమందికి నన్ను చూపించి, "టీవీలో వేశారండీ, అటు తిరిగుంటే గుర్తుపడతారు" అన్నాడు. పెళ్ళికొడుకు తండ్రిని కాబట్టి నవ్వాను.

నువ్వు ఆ తర్వాత ఊరు మొహం చూడలేదు. తప్పు చేసినవాడు రాడు. పద్నాలుగో వారం టీవీలో వెయ్యి. లేదా ఎందుకు వెయ్యవో రాయి.

మేం బాగున్నాం. మీ అత్తకి మోకాళ్ళు నొప్పులు, నోరు మాత్రం బాగుంది.

నీ మేనమామ
నాంచారయ్య


హైదరాబాదు,
5 ఫిబ్రవరి 2002.

పూజ్యులైన మావయ్య గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి నవ్వాలో భయపడాలో తెలియక రెండూ చేశాను. గొడుగు సంగతి మాత్రం మా ఆవిడకి చదివి వినిపించలేదు.

సీరియల్ ఎందుకు ఆగిందో చెప్తాను. అప్పట్లో పదమూడు వారాలకే అనుమతి ఇచ్చేవారు. ఆపైన పొడిగించాలంటే ప్రకటనలిచ్చే కంపెనీ వెనక నిలబడాలి. మనకొక సబ్బుల కంపెనీ ఉండేది. పదమూడో వారం వచ్చేసరికి వాళ్ళు తప్పుకున్నారు. మిగతా కథ మా దగ్గరే ఉండిపోయింది. అప్పట్లో సగంలో ఆగిన సీరియళ్ళు చాలా ఉన్నాయి, మావయ్యా. మనదొక్కటే కాదు.

ఇప్పుడు పద్ధతి మారింది. ఈ నెల పదకొండు నుంచి పాత పదమూడూ సోమవారం మొదలు శుక్రవారం దాకా రోజుకొకటి వేస్తారు. అందరికీ కథ గుర్తొచ్చాక కొన్నాళ్ళు ఆపి, ఎండాకాలం సెలవుల్లో రెండో భాగం మొదలుపెడతారు. చానెల్ వాళ్ళు దీన్ని సీజన్ అంటున్నారు. మొదటి సీజన్ అయిపోయింది, రెండో సీజన్ హీరో తిరిగి రావడంతో మొదలు.

మీరడిగిన పద్నాలుగో వారం టేపు ఆఫీసులో వాన నీళ్ళు దిగి పాడైపోయింది. ఏం చెయ్యలేం.

మన పాత పడవ ఇంకా ఉందా? ఉంటే ఒక్క రోజు కావాలి. మీరేం శ్రమ పడక్కర్లేదు, ఒడ్డున కుర్చీ వేసుకుని చూద్దురుగాని. ఇక్కడ నుంచి ఒక కుర్రాణ్ణి తీసుకొస్తాం, తెల్లగెడ్డం అంటిస్తాం. ఈత బాగా వచ్చు అతనికి. పడవకి ఇవ్వాల్సిందేదో కంపెనీ ఇస్తుంది.

అత్తయ్య మోకాళ్ళకి మందు పంపుతున్నాను.

మీ మేనల్లుడు
ఈశ్వరప్రసాద్


పాలకాయతిప్ప,
28 ఫిబ్రవరి 2002.

ప్రసాదూ,

నీ ఉత్తరం మీ అత్త రెండుసార్లు చదివించుకుంది. మొదటిసారి మందు గురించి. రెండోసారి కుర్చీ గురించి. కుర్చీ దగ్గరకొచ్చేసరికి, "వీడు మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెడతాడంట" అని నవ్వింది. నేను నవ్వలేదు. నా పడవలో ఎవడో హైదరాబాదు కుర్రాడు గెడ్డం అంటించుకుని వస్తుంటే నేను కుర్చీలో కూర్చోవాలా? నాకు తెల్లగెడ్డం దేవుడే అంటించాడు. గాలికి ఊడదు.

ఈత బాగా వచ్చంటావా. ఈత పడవ మునిగాక కదరా కావాల్సింది.

సీరియల్ మొత్తం చూశాం. కోడూరు కేబులు పుణ్యమా అని పదమూడూ వచ్చాయి. కానీ ఇదేం పద్ధతిరా. ఇదివరకు ఆదివారం ఒకటి చూస్తే మళ్ళీ ఆదివారం దాకా దాని గురించే మాట్లాడుకునేవాళ్ళం. సీరియల్లో అత్త కోడలికి దీపంలో నూనె పొయ్యలేదని సగం ఊరు అత్త వైపు, సగం ఊరు కోడలి వైపు. వలలు బాగు చేసుకుంటూ అదే తగువు. ఆ తగువు తెగేసరికి ఇంకోటి వచ్చేది. ఇప్పుడు రోజూ వచ్చి పడుతుంటే తగువు పడ్డానికి టైమేది? అంబలి గుక్క తిప్పుకోకుండా తాగినట్టుంది. మీ అత్తకి మాత్రం ఇదే బాగుందంట. ఆవిడకి తగువుకి టైము అక్కర్లేదు.

నిన్న పదమూడోది. నా వీపు మళ్ళీ వచ్చింది. ఎనిమిదేళ్ళయినా వీపు వీపులాగే ఉంది, మంచి వీపే. పడవ అలెక్కి దిగడం కూడా బాగుంది. అక్కడ ఆగిపోయింది. ఇవాళ మళ్ళీ అదే టైముకి కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకే తెలీదు. ఒకావిడ గుత్తివంకాయ కూర చేసింది. మీ అత్త పక్కన కూర్చుని, "ఈసారి పురుగు కాదు లెండి, వంకాయ" అంది.

సీజను అయిపోయింది అని రాశావు. మాకూ సీజను ఉందిరా. ఏప్రిల్ పదిహేను నుంచి నెలన్నర వేట ఆపమంటారు. సీజను అయిందంటే పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉంటాయి. మనిషిని, పడవని నడిసముద్రంలో వదిలేసి సీజను అయిపోయింది అనేవాళ్ళని మిమ్మల్నే చూశాను.

ఇంకో మాట. టేపు వానకి తడిసిందన్నావు. మీ అమ్మ కంటి ఆపరేషనుకి నీ దగ్గరకొచ్చినప్పుడు నువ్వు దానికది చూపించలేదా? దానికి అబద్ధం దాచడం రాదు. "అన్నయ్యా, చూశాను, నువ్వూ మా వదినా ఇద్దరూ ఉన్నారు" అని ఒకటే నవ్వు. మిగతాది అడిగితే చెప్పదు. తడిసిన టేపు మీ అమ్మకి ఎలా కనపడింది? కొత్త కళ్ళు పెట్టించుకుందనా?

మొహం కోసేశావా నువ్వు? నేను మీ హీరో కంటే బాగున్నాననా?

పడవ ఉంది. కానీ పెద్దోడు ఫైబరు పడవ తెచ్చాడు, తేలిగ్గా ఉంటుందంట. పాతదాని అడుగు చెక్కలు మెత్తబడ్డాయి. ఈ సీజను అయిపోగానే, పదిహేనో తారీకున విప్పేస్తానంటున్నాడు. ఒక్కసారి విప్పాక మీరు మళ్ళీ కట్టుకోలేరు.

ఆ టేపు పంపు. పంపితేనే పడవ మాట.

నాంచారయ్య


హైదరాబాదు,
18 మార్చి 2002.

మావయ్య గారికి,

క్యాసెట్టు ఇవాళే అవనిగడ్డ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చాను. అందేలోపు ఈ ఉత్తరం అందాలని కోరుకుంటున్నాను. దయచేసి మీరొక్కరే చూడండి. అత్తయ్య కూడా పక్కన వద్దు.

మొహం ఎవరూ కొయ్యలేదు. అసలు లేదు.

ఆ సాయంత్రం మీకు గుర్తుండే ఉంటుంది. ఒడ్డున కెమెరా పెట్టి, మా డైరెక్టరు గారు మైకులో "ఇటు చూడండి, ఇటు చూడండి" అని అరిచారు. మీరు పడవ వెనక, అమరంలో నిలబడి, చుక్కాని పట్టుకుని, సముద్రం వైపు తిరిగి ఉన్నారు. అలల దగ్గర నుంచి ఇసుక తగిలేదాకా ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. తగలగానే కిందకి దూకారు. అప్పటికే చేపల కోసం ఆడవాళ్ళు చుట్టూ మూగారు. అందులో అత్తయ్య ఒకావిడతో గట్టిగా బేరం ఆడుతోంది. ఆవిడ మొహం చాలా బాగా వచ్చింది. మీది రాలేదు. వెలుగు పోయింది, రెండోసారి తియ్యలేకపోయాం. మర్నాడు హీరోతోనే ఒక గదిలో ఏదో తీసి అతికిద్దాం అనుకునేలోపు కంపెనీ వాళ్ళు తప్పుకున్నారు.

మీరు అప్పటికే ఊరంతా చెప్పేశారు. మొహం రాలేదని మీకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అందుకే వాన అన్నాను, అందుకే ఊరు రాలేదు.

ఇప్పుడు చానెల్ వాళ్ళు రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో, మొదటి నిమిషంలోనే, తిరిగొచ్చినవాడి మొహం కనపడాలంటున్నారు. అది లేకపోతే ఒప్పుకోరు. అందుకే ఆ కుర్రాడు. అతను కెమెరా వైపు చూస్తాడు. మిమ్మల్ని తక్కువ చెయ్యడం కాదు మావయ్యా. ఇది నాకు మొదటి అవకాశం.

తిట్టండి, కానీ పడవ మాట చెప్పండి.

మీ
ప్రసాద్


(కార్డు)
పాలకాయతిప్ప,
20 మార్చి 2002.

ప్రసాదూ,

క్యాసెట్టు అందింది. ఉత్తరం ఏదీ రాలేదు, బస్సు డ్రైవరు నోటిమాటగా నువ్వు బాగున్నావన్నాడు. టేపు తడవలేదు, పొడిగా ఉంది. నీ సంగతి తర్వాత చూస్తాను.

ఏడుకొండలు కోడూరు నుంచి వీసీఆరు తెప్పిస్తున్నాడు. ఆదివారం ఊరందరికీ వేస్తున్నాను. మా వియ్యంకుణ్ణి కూడా పిలిచాను. జంతికలు మీ అత్త చెయ్యనంది, కొన్నాను.

నాంచారయ్య


పాలకాయతిప్ప,
30 మార్చి 2002.

ప్రసాదూ,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఆదివారమే అయిపోయింది అంతా. మన టపా ఎప్పుడూ ఇంతే, నీకు తెలిసుండాల్సింది.

జరిగింది రాస్తాను. టీకొట్టు ముందు తాటాకు పందిరి కింద పెట్టాం. మా వియ్యంకుడు ముందు వరసలో కూర్చున్నాడు, మీ అత్త చివర నిలబడింది. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాను. వీసీఆరు తెచ్చినవాడు బటను నొక్కాడు. సముద్రం కనపడింది. నా పడవ కనపడింది. పడవలో వీపు కనపడింది.

తిరుగుతుంది, తిరుగుతుంది అని నేనే అన్నాను, పైకే అన్నాను. తిరగలేదు. ఇసుక తగిలింది, జనం మూగారు, మీ అత్త మొహం పందిరంతా నిండిపోయింది. చేప తోక పట్టుకుని, "ఈ రేటుకి నువ్వే సముద్రంలోకెళ్ళి పట్టుకో" అంటోంది. టేపు అయిపోయింది.

నేను కుర్చీలోంచి లేవలేదు. మా వియ్యంకుడు కండువా నోట్లో కుక్కుకున్నాడు. అప్పుడు ఏడుకొండలు, ఎనిమిదేళ్ళ నుంచి నన్ను వీపు అని పిలిచినవాడు, మోకాలు దెబ్బతిని టీకొట్టు పెట్టకముందు వాడూ వేటకెళ్ళినవాడే, లేచి, "వెనక్కి తిప్పు" అన్నాడు. ఎందుకూ అన్నాను. "ఆ రెండో అల చూడాలి" అన్నాడు. తిప్పారు. ఊళ్ళో వేటకెళ్ళే మగాళ్ళంతా ముందుకి జరిగారు. "అదిగో ఆగాడు చూడు, మొదటిది కిందనించి పోనిచ్చాడు." "ఇప్పుడు తిప్పాడు చుక్కాని, అదిగో." "మూడోది మీద ఎక్కించాడు." మళ్ళీ వెనక్కి తిప్పించారు. ఎన్నిసార్లు చూశారో నేను లెక్కపెట్టలేదు. అప్పటికి మా వియ్యంకుడు కండువా తీసేశాడు. రైసుమిల్లు మనిషి, ఆయనకేం తెలుసు. "ఈయన మొహం ఇటు పెట్టొచ్చుగా" అన్నాడు. ఏడుకొండలు, "మొహం ఇటు తిప్పితే పడవ అటు తిరగబడుతుందండీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నా మీద కాదు.

కాబట్టి విను. ఒడ్డుకొచ్చేటప్పుడు అమరంలో ఉన్నవాడు వెనకొచ్చే అలని చూస్తాడు. ఒడ్డు ఎక్కడికీ పోదు, దాన్ని చూడక్కర్లేదు. ఇది నేను మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. మీ నాన్నకీ నేర్పాను. ఆయన ఒకే ఒక్కసారి ఒడ్డు వంక చూశాడు. మీ అమ్మ నిన్ను మొదటిసారి ఎత్తుకుని ఇసుకలో నిలబడింది, నెలల పిల్లాడివి. బావ చూశాడు, అల పడవని తిరగేసింది, కాలు విరిగింది. సైకిలు మీంచి పడ్డానని నీకు చెప్పుంటాడు. ఆ కాలితోనే ఇన్నేళ్ళు గిలకలదిండిలో వలలు అల్లుతూ కూర్చున్నాడు. అడుగు ఆయన్ని. చూసినందుకు ఏమాత్రం బాధ లేదంటాడు, నాతో ఎన్నోసార్లు అన్నాడు. అది ఆయన ఇష్టం. నేను మాత్రం ఆ రోజు నుంచి ఇంకా గట్టిగా అటే చూస్తున్నాను. మీ డైరెక్టరు మైకులో అరిచింది నాకు వినపడింది. వినపడే తిరగలేదు. కన్నబిడ్డ కంటే కెమెరా పెద్దదా?

ఇది నీకు చెప్పుంటే ఆ రోజే తేలిపోయేది. నువ్వూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కెమెరా ఎలా తీస్తుందో నాకు తెలీదు, ఎక్కడ పెట్టినా మొహం వచ్చేస్తుందనుకున్నాను. పడవ ఎలా వస్తుందో నీకు తెలుసు, అయినా మీ వాళ్ళు కెమెరా ఒడ్డున పెడుతుంటే ఊరుకున్నావు. ఇందులో ఎక్కువ తప్పు నీదే. గంగపుత్రుడివి నువ్వు.

ఇక ఆ కుర్రాడి సంగతి. కెమెరా వైపు చూస్తాడన్నావు. చూస్తే ఏమవుతుందో మీ నాన్న కాలు చెప్తుంది. పరాయి తల్లి బిడ్డని నా పడవలో అలా రానివ్వను. గెడ్డం వెనక్కి పంపెయ్యి.

మొదటి నిమిషంలో మొహం కావాలన్నారు కదా మీ చానెల్ వాళ్ళు. ఇస్తాను. కెమెరా ఒడ్డున పెట్టొద్దు. అలలు విరిగే చోటికి అవతల, పెద్దోడి ఫైబరు పడవలో పెట్టు. నేనటే చూస్తాను. తిరగమని మైకులో అరవక్కర్లేదు, చెప్పినా చెప్పకపోయినా అటే చూస్తాను. ఈసారి వీపు ఊరికి, మొహం నీకు. ఊళ్ళోవాళ్ళకి వీపు ఎలాగూ అలవాటే.

కెమెరా నువ్వే పట్టుకోవాలి. ఇంకెవరినీ ఎక్కించను. నువ్వు చిన్నప్పుడు అలలు దాటగానే కళ్ళు మూసుకునేవాడివి, అదీ గుర్తుంది నాకు. ఈసారి ఒక కన్ను తెరిచుంచు చాలు, మీ పనికి ఒకటే కావాలంటారుగా. పెద్దోడు పడవ కదలకుండా పట్టుకుంటాడు.

మీ అత్త కూడా ఒడ్డుకొస్తుంది. నువ్వు పిలవలేదని చెప్పాను. పోయినసారి కూడా ఎవరూ పిలవలేదంది. కొత్త చీర కావాలంట, సీరియల్‌లో ఒకే చీర రెండుసార్లు కట్టకూడదంట.

మీ నాన్నని తీసుకురా. ఆయనకి కుర్చీ వేస్తాను, ఆ కుర్చీ ఎవరికోసమో ఇప్పుడు తెలిసింది.

పడవ పదిహేనున విప్పేస్తారు. పెద్దోడు వడ్రంగికి చెప్పేశాడు, నేను ఆపమనను. చెక్కలు ఒక్క రాకకి సరిపోతాయి, రెండో రాకకి హామీ లేదు, కాబట్టి ఒక్కసారే తియ్యాలి. ఏప్రిల్ పదో తారీకు బుధవారం సాయంత్రం టపా వచ్చే లోపు నీ జవాబు నా చేతికి అందాలి. టపాని నమ్మకు, బస్సు డ్రైవరు చేతికివ్వు. వస్తున్నావా, రావట్లేదా, రెండే మాటల్లో ఏదో ఒకటి రాయి.

నాంచారయ్య